కంట్రోలర్ ఎక్కడ ఉండాలి? వైఫై యాక్సెస్ పాయింట్ల కేంద్రీకృత నిర్వహణకు ఎంపిక సలహా

పన్నెండు యాక్సెస్ పాయింట్లు (వైఫై సంకేతాన్ని ప్రసారం చేసే పరికరాలు) ఉన్న భవనంలో వైఫై పాస్‌వర్డ్ మార్చాలంటే పన్నెండు పేజీలు తెరవాలి, పన్నెండుసార్లు అదే మాట టైపు చేయాలి. పదకొండింటిలో సరిగ్గా పడి ఒకదానిలో ఒక్క అక్షరం తప్పితే, ఆ మూల గదిలో కూర్చున్నవారికి మాత్రమే ఇంటర్నెట్ రాదు. వాళ్లు "ఇక్కడ వైఫై బాగాలేదు" అంటారే తప్ప పాస్‌వర్డ్ తప్పని చెప్పరు. కారణం దొరికేసరికి సగం రోజు గడిచిపోతుంది. అన్ని పరికరాలనూ ఒకే చోటి నుంచి నడపాలన్న ఆలోచన ఇలాంటి అవస్థల నుంచే పుడుతుంది.

ఆ ఒకే చోటునే కంట్రోలర్ అంటారు. అది ఎక్కడ ఉండాలన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. యాక్సెస్ పాయింట్‌లోనే ఉండవచ్చు, మీ గదిలోని కంప్యూటర్‌లో ఉండవచ్చు, ప్రత్యేకంగా కొన్న పెట్టెలో ఉండవచ్చు, తయారీదారుడి క్లౌడ్‌లో ఉండవచ్చు. అమ్మేవారి పట్టికలు చూస్తే అన్నింటికీ ఎదురుగా ఒకే రకం టిక్కు గుర్తులు కనిపిస్తాయి కాబట్టి వాటితో పెద్దగా ప్రయోజనం లేదు. ఎంపికకు పనికొచ్చే ప్రశ్న నా దృష్టిలో ఒకటే: ఈ కంట్రోలర్ ఆగిపోతే నా నెట్‌వర్క్‌లో ఏది ఆగుతుంది, ఏది నడుస్తుంది, తిరిగి నిలబెట్టేది ఎవరు? దీనికి స్పష్టమైన జవాబు ఉన్న పద్ధతినే ఎంచుకోవాలి.

అసలు అవసరమా?

రెండు మూడు యాక్సెస్ పాయింట్లు ఉండి, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే సెట్టింగులు మారే చోట కంట్రోలర్ లేకపోయినా నష్టం లేదు. మూడింటికీ ఒకే నెట్‌వర్క్ పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే భద్రతా పద్ధతి పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లను వాటికి పంచితే పని జరిగిపోతుంది. అయిదు దాటితే మాత్రం కేంద్రీకృత నిర్వహణ తప్పదని నా అభిప్రాయం. అయిదు లోపే ఉన్నా అతిథులకు వేరే నెట్‌వర్క్, సిబ్బందికి వేరే వీల్యాన్ (అవే కేబుళ్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్ భాగం), ఎవరు ఎప్పుడు కలిశారన్న చరిత్ర కావాలనుకుంటే అప్పుడూ తప్పదు.

ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) సంగతి దీనికంటే బలమైన కారణం. విడివిడిగా ఉన్న యాక్సెస్ పాయింట్లను ఎవరూ క్రమం తప్పకుండా అప్‌డేట్ చేయరు. గోడమీద బిగించిన రోజు ఉన్న ఫర్మ్‌వేర్‌తోనే అవి ఏళ్ల తరబడి నడుస్తుంటాయి. 2017లో వైఫై భద్రతకు వాడే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో క్రాక్ అనే లోపం బయటపడినప్పుడు కేంద్రీకృత వ్యవస్థ ఉన్నవారు ఒకే తెరమీద ఏ పరికరం సరిచేశారో, ఏది మిగిలిందో చూసుకోగలిగారు. మిగిలినవారికి తమ దగ్గర ఏయే మోడళ్లు ఉన్నాయో జాబితా రాసుకోవడమే మొదటి పని అయింది.

కంట్రోలర్ చేసే పని, చేయని పని

కంట్రోలర్ పేరు కింద నిజానికి మూడు వేర్వేరు పనులు దాక్కుని ఉంటాయి. మొదటిది నిర్వహణ: సెట్టింగులు పంపడం, ఫర్మ్‌వేర్ మార్చడం, లెక్కలు సేకరించడం. రెండోది నియంత్రణ: ఏ పాయింట్ ఏ ఛానల్‌లో ఎంత శక్తితో ప్రసారం చేయాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి, రోమింగ్‌కు (ఒక పాయింట్ నుంచి మరోదానికి మారడానికి) కావలసిన భద్రతా తాళంచెవులు ఎవరికి అందాలి అన్న నిర్ణయాలు. మూడోది డేటా: వాడుకరి ఫోను నుంచి బయలుదేరిన ప్యాకెట్ కంట్రోలర్ గుండా వెళ్లాలా, యాక్సెస్ పాయింట్ దగ్గరే స్విచ్‌లోకి (కేబుళ్లను కలిపే పెట్టెలోకి) దిగిపోవాలా అన్నది.

కొన్ని వ్యవస్థల్లో మొదటి పని ఒక్కటే కంట్రోలర్ చేతిలో ఉంటుంది. అది ఆగితే కొత్త మార్పులు చేయలేరు, గ్రాఫులు కనిపించవు, అంతకుమించి ఏమీ కాదు. మూడు పనులూ ఒక్కచోటే ఉన్న వ్యవస్థలో కంట్రోలర్ పడిపోతే భవనమంతా వైఫై పోతుంది. కొనేముందు ఈ మూడింటిలో ఏది ఎక్కడ ఉందో అడిగి, రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

రోమింగ్ గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కంట్రోలర్ కొనడానికి చాలామంది చెప్పే కారణం అదే. నడుస్తూ మాట్లాడుతుంటే ఫోను ఒక పాయింట్‌ను వదిలి పక్కదాన్ని పట్టుకోవాలన్న నిర్ణయం ఫోనుదే, కంట్రోలర్‌ది కాదు. ఆ నిర్ణయానికి సహాయపడే ప్రమాణాలు మూడు ఉన్నాయి. పొరుగున ఏయే పాయింట్లు ఉన్నాయో 802.11కె చెబుతుంది. "ఇటు వెళ్తే మంచిది" అని 802.11వి సూచిస్తుంది. కొత్త పాయింట్ దగ్గర మళ్లీ మొదటి నుంచి ధ్రువీకరణ జరగకుండా 802.11ఆర్ సమయం ఆదా చేస్తుంది. ఈ మూడింటికీ ఫోను వైపు నుంచి మద్దతు ఉండాలి. పాత ప్రింటర్లు, బార్‌కోడ్ స్కానర్లు 802.11ఆర్ ఉన్న నెట్‌వర్క్‌లో అసలు కలవకపోవడం కూడా జరుగుతుంది. అలాంటి వాటికి వేరే నెట్‌వర్క్ పేరు ఇవ్వడమే తేలిక.

గోడలు మందంగా ఉన్నచోట పాయింట్లు తక్కువ పెట్టి, లేదా ఒకే హాలులో అన్నింటినీ పూర్తి శక్తితో అరిపించి, కంట్రోలర్ సరిచేస్తుందని ఆశిస్తే నిరాశే మిగులుతుంది. పాయింట్లను ఎక్కడ బిగించాలో కొలిచి నిర్ణయించాకే కంట్రోలర్ గురించి మాట్లాడాలి.

యాక్సెస్ పాయింట్‌లోనే కంట్రోలర్

ఒక పాయింట్ నాయకత్వం తీసుకుని మిగిలిన వాటికి సెట్టింగులు పంచే పద్ధతి ఇది. అరూబా ఇన్‌స్టంట్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. నాయకత్వం వహిస్తున్న పాయింట్ చెడిపోతే మిగిలిన వాటిలో ఒకటి ఆ బాధ్యత తీసుకుంటుంది. వేరే సర్వర్ అక్కర్లేదు, నెలనెలా కట్టే చందా అక్కర్లేదు, ఇంటర్నెట్ లేకపోయినా లోపలి నెట్‌వర్క్ నడుస్తుంది. ఒకే భవనం, ఒకే స్విచ్ సముదాయం, పది నుంచి ముప్ఫై పాయింట్లు ఉన్నచోట నాకు ఇది ఎంతో ఇష్టమైన పద్ధతి.

దీనికి పరిమితులూ ఉన్నాయి. పాయింట్లన్నీ సాధారణంగా ఒకే లేయర్ 2 పరిధిలో, అంటే ఒకే వీల్యాన్‌లో ఉండాలి. రెండో భవనం వేరే సబ్‌నెట్‌లో (వేరే ఐపీ చిరునామాల వరుసలో) ఉంటే అది వేరే గుంపు అవుతుంది, దాన్ని మళ్లీ విడిగా చూసుకోవాలి. చరిత్ర కూడా కొద్దిసేపటిదే ఉంటుంది. "నిన్న మధ్యాహ్నం మూడింటికి ఎందుకు తెగింది?" అన్న ప్రశ్నకు పాయింట్‌లోని చిన్న జ్ఞాపకశక్తి జవాబు చెప్పలేదు. తయారీదారులు ఈ పద్ధతి నుంచి క్రమంగా క్లౌడ్ వైపు జరుగుతున్నారు కాబట్టి, మీరు కొనబోయే మోడల్‌లో ఇది ఉందో లేదో డేటాషీట్‌లో చూసుకోవడం మరవకూడదు. పాత మోడల్‌లో ఉన్నది కొత్తదాంట్లో ఉండి తీరాలన్న నియమం లేదు.

సొంత యంత్రంలో సాఫ్ట్‌వేర్ కంట్రోలర్

యూబిక్విటీ వారి యూనిఫై, టీపీ-లింక్ వారి ఒమాడా ఈ కోవకు చెందినవి. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అడగరు, పాయింట్ల ధరలోనే అది కలిసిపోతుంది. మీ దగ్గర ఉన్న లినక్స్ సర్వర్‌లోనో, విండోస్ కంప్యూటర్‌లోనో, వర్చువల్ మెషీన్‌లోనో ఎక్కించుకోవచ్చు. కంప్యూటర్ నిర్వహణ వద్దనుకుంటే అదే సాఫ్ట్‌వేర్‌ను ముందే ఎక్కించిన చిన్న పెట్టెలు దొరుకుతాయి. ఒమాడాలో ఓసీ200 అలాంటిదే, స్విచ్ నుంచి వచ్చే కేబుల్ ద్వారానే దానికి విద్యుత్ అందుతుంది.

ఈ వ్యవస్థల్లో డేటా కంట్రోలర్ గుండా వెళ్లదు. సర్వర్ ఆపేసినా పాయింట్లు తమ దగ్గరున్న చివరి సెట్టింగులతో ప్రసారం చేస్తూనే ఉంటాయి. అయితే ఒక మినహాయింపును గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అతిథులకు ముందుగా ఒక పేజీ చూపించి, వోచర్ అడిగి లోపలికి పంపే పోర్టల్ వాడుతుంటే, ఆ పేజీని ఇచ్చేది కంట్రోలరే. అది ఆగితే సిబ్బంది నెట్‌వర్క్ నడుస్తుంది, కొత్త అతిథులు మాత్రం పేజీ రాక నిలిచిపోతారు. వసతి గృహం లాంటి చోట అది చిన్న విషయం కాదు.

లెక్కలన్నీ డేటాబేస్‌లో నిల్వ అవుతాయి. విద్యుత్ హఠాత్తుగా పోయినప్పుడు ఆ డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంటుంది. ముఖ్యంగా మెమరీ కార్డు మీద నడిచే చిన్న కంప్యూటర్లలో ఈ బెడద ఎక్కువ. చిన్న యూపీఎస్ ఒకటి, రోజూ ఆటోమేటిక్ బ్యాకప్, ఆ బ్యాకప్‌ను వేరే యంత్రానికి పంపే ఏర్పాటు: ఈ మూడూ లేకుండా సాఫ్ట్‌వేర్ కంట్రోలర్ పెట్టవద్దు. కంట్రోలర్‌ను పోగొట్టుకుంటే సెట్టింగులతోపాటు పాయింట్ల మీద పట్టు కూడా పోతుంది. పాయింట్ ఒకసారి ఒక కంట్రోలర్‌కు కట్టుబడితే దాని లాగిన్ వివరాలు మారిపోతాయి, కొత్త కంట్రోలర్ పిలిచినా పలకదు. బ్యాకప్ లేనివారు నిచ్చెన వేసుకుని ఒక్కో పాయింట్ రీసెట్ బటన్ నొక్కాలి.

కంట్రోలర్ పెట్టె: డేటా కూడా దాని గుండానే

సిస్కో కేటలిస్ట్ 9800 వరుస, అరూబా పెద్ద కంట్రోలర్లు ఈ రకం. యాక్సెస్ పాయింట్‌కు కంట్రోలర్‌కు మధ్య క్యాప్‌వ్యాప్ లాంటి ప్రోటోకాల్ సొరంగం వేస్తుంది, అంటే వాడుకరి ప్యాకెట్లను మూటగట్టి కంట్రోలర్ దాకా చేరుస్తుంది. 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5415 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన క్యాప్‌వ్యాప్ నియంత్రణకు యూడీపీ 5246, డేటాకు 5247 పోర్టులు వాడుతుంది. ప్రమాణం ఒకటే కదా, ఒక కంపెనీ పాయింట్లను మరో కంపెనీ కంట్రోలర్‌కు కలపవచ్చు అనుకోవద్దు. ఆచరణలో అలా కుదరదు.

సొరంగం వల్ల నిజమైన లాభాలున్నాయి. వంద పాయింట్లు వంద చోట్ల ఉన్నా వాడుకరి వీల్యాన్‌లను ప్రతి స్విచ్‌కూ తీసుకెళ్లక్కర్లేదు, కంట్రోలర్ దగ్గర మాత్రమే ఉంటే చాలు. ఫోను ఒక భవనం నుంచి మరో భవనానికి నడిచినా ఐపీ చిరునామా మారదు. ఫైర్‌వాల్ నిబంధనలు ఒకే చోట పెట్టవచ్చు. పెద్ద ఆసుపత్రులకు, విశ్వవిద్యాలయ ప్రాంగణాలకు ఇది ఏళ్లుగా నప్పిన పద్ధతి.

ఖర్చు లెక్కలో మాత్రం పెట్టె ధర ఒక్కటే చూస్తే చాలదు. అరవై పాయింట్లు ఒకే సమయంలో తలా 200 మెగాబిట్లు లాగితే మొత్తం 12 గిగాబిట్లు కంట్రోలర్ గుండా వెళ్లాలి. దానికున్న లింకు 10 గిగాబిట్లదే అయితే పాయింట్లు ఎంత కొత్తవైనా వేగం అక్కడే ఆగిపోతుంది. సొరంగం తనవంతు హెడర్లు కలుపుతుంది కాబట్టి దారిలోని స్విచ్‌లు 1500 బైట్లకు మించి రానివ్వకపోతే ప్యాకెట్లు ముక్కలవుతాయి. ఇక కంట్రోలర్ ఒక్కటే ఉంటే అది పడిపోయిన రోజు అంతా పడిపోయినట్టే. అందుకే ఈ పద్ధతి ఎంచుకునేవారు జంటగా కొనాలి, ఒకటి చెడితే రెండోది తీసుకునేలా. జంట కొనే స్తోమత లేకపోతే ఈ దారిలోకి రాకపోవడమే మేలు.

మధ్యేమార్గం ఒకటుంది. సిస్కో దాన్ని ఫ్లెక్స్‌కనెక్ట్ అంటుంది. నియంత్రణ కంట్రోలర్ దగ్గరే ఉంటుంది, డేటా మాత్రం స్థానికంగా స్విచ్‌లోకి దిగుతుంది. దూరపు శాఖలను ప్రధాన కార్యాలయంలోని కంట్రోలర్‌కు కలిపేటప్పుడు ఇది దాదాపు తప్పనిసరి. లేకపోతే శాఖలో పక్క గదిలో ఉన్న ప్రింటర్‌కు పంపిన పేజీ కూడా ప్రధాన కార్యాలయం దాకా వెళ్లి తిరిగి రావాలి.

క్లౌడ్

సిస్కో మెరాకీ, జునిపర్ మిస్ట్, అరూబా సెంట్రల్ ఈ వర్గంలో పెద్ద పేర్లు. పాయింట్‌ను కేబుల్‌కు తగిలిస్తే అది ఇంటర్నెట్ ద్వారా తన యజమాని ఖాతాను వెతుక్కుని, సెట్టింగులు దించుకుని పని మొదలుపెడుతుంది. యాభై ఊళ్లలో యాభై చిన్న శాఖలుండి, ఒక్కోచోట రెండేసి పాయింట్లుండి, అక్కడ సాంకేతిక సిబ్బంది ఎవరూ లేని సంస్థకు ఇంతకంటే మంచి మార్గం లేదు. పాయింట్ పెట్టె విప్పి కేబుల్ తగిలించే మనిషి ఉంటే చాలు. ఫైర్‌వాల్‌లో లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు, ఎందుకంటే సంభాషణ ఎప్పుడూ పాయింట్ వైపు నుంచే మొదలవుతుంది.

క్లౌడ్‌తో సంబంధం తెగినా డేటా ఆగదు. వాడుకరి ప్యాకెట్లు క్లౌడ్‌కు వెళ్లవు, ఉన్న సెట్టింగులతో పాయింట్లు నడుస్తాయి. కానీ క్లౌడ్‌లో ఉండే పోర్టల్ పేజీ, క్లౌడ్‌లోని ధ్రువీకరణ సేవ ఆగుతాయి.

అసలైన ఆధారపడటం లైసెన్సులో ఉంది. మెరాకీలో ఏళ్లుగా నడిచిన కో-టెర్మినేషన్ (అన్ని లైసెన్సులకూ ఒకే గడువు తేదీ ఉండే) పద్ధతిలో గడువు దాటి 30 రోజులు గడిస్తే నెట్‌వర్క్ పనిచేయడం ఆగిపోయే నిబంధన ఉంటూ వచ్చింది. పరికరం మీ గోడమీదే ఉంటుంది, డబ్బు పూర్తిగా కట్టి కొన్నదే, అయినా చందా లేకపోతే పనిచేయదు. ఇందులో మోసమేమీ లేదు, ఒప్పందంలో రాసి ఉన్నదే. కానీ ఏడాదికోసారి బడ్జెట్ ఆమోదం కోసం ఎదురుచూసే బడులు, స్వచ్ఛంద సంస్థలు దీన్ని చాలా జాగ్రత్తగా తూచుకోవాలి. ప్రతి కంపెనీ నిబంధన వేరు, ఒకే కంపెనీలో లైసెన్సు రకాన్ని బట్టి కూడా మారుతుంది. "గడువు తీరిన మరుసటి రోజు ఏమవుతుంది?" అని అడిగి జవాబును కొనుగోలు ఒప్పందంలోనే చేర్పించుకోవాలి.

క్లౌడ్ కూడా తప్పులకు అతీతం కాదు. 2017 ఆగస్టులో మెరాకీ నిల్వ వ్యవస్థలో జరిగిన ఒక మార్పు వల్ల వినియోగదారులు ఎక్కించుకున్న లోగోలు, అంతస్తుల ప్లాన్లు, స్వాగత పేజీల వంటివి చెరిగిపోయాయి. 2023 డిసెంబరులో యూబిక్విటీ క్లౌడ్ సేవలో పొరపాటు వల్ల కొందరికి ఇతరుల ఖాతాలలోని పరికరాలు కనిపించాయి. ఈ రెండు సంగతులు చెప్పి క్లౌడ్ వద్దనడం నా ఉద్దేశం కాదు. అంతస్తుల ప్లాన్లు, వీల్యాన్ పట్టిక, రేడియస్ (లాగిన్‌లను తనిఖీ చేసే సర్వర్) వివరాలు మీ దగ్గర కూడా ఒక కాపీ ఉండాలి. సొంత సర్వర్‌లో కంట్రోలర్ పెట్టుకున్నవారు కూడా రిమోట్ యాక్సెస్ అవసరం లేకపోతే దాన్ని ఆపేసి ఉంచాలి.

కంపెనీలు చేతులు మారతాయన్నది మరో కోణం. అరూబాను హెచ్‌పీ 2015లో కొంది. మిస్ట్‌ను జునిపర్ 2019లో కొంది. హెచ్‌పీ నుంచి విడిపోయి అరూబాను తనతో తీసుకెళ్లిన హెచ్‌పీఈ, ఆ జునిపర్‌ను 2025లో తనలో కలుపుకుంది. అలా ఒకే గూటికి చేరిన రెండు వ్యవస్థల్లో దేనికి ఎంత భవిష్యత్తు ఉంటుందో బయటివారు ఊహించలేరు. అయిదేళ్ల చందా ఒకేసారి కట్టమని రాయితీ చూపించినప్పుడు ఇది గుర్తుండాలి.

మైక్రోటిక్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ దారి

మైక్రోటిక్ రౌటర్లను నడిపే రౌటర్‌ఓఎస్ తెలిసినవారికి ఆ కంపెనీ క్యాప్స్‌మ్యాన్ విడిగా ఖర్చు లేని కంట్రోలర్. ఉన్న రౌటరే కంట్రోలర్ అవుతుంది. అయితే ఇప్పుడు ఇందులో రెండు రకాలున్నాయి. పాత 'వైర్‌లెస్' ప్యాకేజీ పరికరాలను పాత క్యాప్స్‌మ్యాన్ మాత్రమే నడపగలదు, కొత్త 'వైఫై' ప్యాకేజీ పరికరాలను కొత్తది మాత్రమే నడపగలదు. పాత పాయింట్లు కొన్ని, కొత్తవి కొన్ని కలిసి ఉంటే రెండింటినీ పక్కపక్కన నడిపి, సెట్టింగులు రెండుచోట్లా రాసుకోవాలి. కొనేముందు ఇది చూసుకోకపోతే తర్వాత చాలా తిప్పలు పడాల్సి వస్తుంది.

వేర్వేరు కంపెనీల పరికరాల మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఎక్కించి నడుపుతున్న సామాజిక నెట్‌వర్క్‌లకు ఓపెన్‌విస్ప్ అనే కంట్రోలర్ ఉంది. సర్వర్‌లో టెంప్లేట్ రాస్తారు. పరికరంలోని చిన్న ఏజెంట్ అప్పుడప్పుడూ సర్వర్‌ను అడిగి, మార్పు ఉంటే దించుకుంటుంది. కొత్త సెట్టింగుతో సర్వర్‌ను తిరిగి చేరలేకపోతే పాతదానికి వెనక్కి వెళ్లే ఏర్పాటు కూడా ఉంది. కొండమీద పెట్టిన పరికరానికి తప్పు సెట్టింగు పంపితే ఆ ఏర్పాటు విలువ తెలుస్తుంది. నేర్చుకోవడానికి సమయం పడుతుంది, ఫోను చేస్తే వచ్చి బాగుచేసేవారు ఉండరు. ఆసక్తి, ఓపిక రెండూ ఉన్న ఒక మనిషి దీర్ఘకాలం ఉంటాడన్న నమ్మకం ఉంటేనే దీన్ని ఎంచుకోండి.

ఇళ్లలోని రౌటర్లను ఇంటర్నెట్ సంస్థలు దూరం నుంచి నడిపే టీఆర్-069 ప్రమాణం, దాని వారసుడు టీఆర్-369 వేరే అవసరం కోసం పుట్టినవి. మీరు ఇంటర్నెట్ సేవ అమ్మేవారు కాకపోతే అటు చూడనక్కర్లేదు.

పాయింట్ తన కంట్రోలర్‌ను ఎలా కనుక్కుంటుంది

ఏ పద్ధతి ఎంచుకున్నా మొదటిరోజు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కంట్రోలర్, పాయింట్ ఒకే వీల్యాన్‌లో ఉంటే ఒకరి పిలుపు ఒకరికి వినిపిస్తుంది, తెరమీద కొత్త పరికరం కనిపిస్తుంది. మధ్యలో రౌటర్ ఉంటే ఆ పిలుపు దాటదు. అప్పుడు చిరునామాను మనమే చెప్పాలి. దానికి రెండు మార్గాలున్నాయి: డీఎన్‌ఎస్‌లో (పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పే సేవలో) పాయింట్ వెతికే పేరు చేర్చడం, లేదా డీహెచ్‌సీపీలో (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే సేవలో) ఆప్షన్ 43 ఇవ్వడం. యూనిఫై పాయింట్లు తమ బ్రాండు పేరునే డీఎన్‌ఎస్‌లో వెతుకుతాయి కాబట్టి లోపలి డీఎన్‌ఎస్ సర్వర్‌లో ఆ పేరుకు కంట్రోలర్ చిరునామా ఇస్తే సరిపోతుంది.

ఆప్షన్ 43 కొంచెం జాగ్రత్తగా చేయాల్సిన పని. కంట్రోలర్ చిరునామా 192.168.3.16 అనుకుందాం. యూనిఫైకి ముందు 01, తర్వాత 04, ఆపైన చిరునామాలోని నాలుగు సంఖ్యల పదహారు ఆధారిత (హెక్సాడెసిమల్) రూపం రాయాలి. 192కు సీ0, 168కి ఏ8, 3కు 03, 16కు 10. చివరిదాన్ని అలవాటుగా 16 అనే రాసేస్తే పాయింట్ 192.168.3.22 కోసం వెతుకుతూ ఉంటుంది, ఎందుకంటే పదహారు ఆధారంలో 16 అంటే మన 22. తెరమీద ఏ హెచ్చరికా రాదు, పాయింట్ దీపం మాత్రం కంట్రోలర్ దొరకలేదన్నట్టే ఉండిపోతుంది. సిస్కోలో మొదటి సంఖ్య వేరు, కాబట్టి ఒక కంపెనీ విలువను మరోదానికి నకలు చేయకూడదు.

ఫైర్‌వాల్‌లో ఆయా పోర్టులు తెరవాలి. యూనిఫైకి పాయింట్ నుంచి కంట్రోలర్‌కు టీసీపీ 8080, క్యాప్‌వ్యాప్‌కు పైన చెప్పిన రెండు యూడీపీ పోర్టులు. పాయింట్లన్నింటినీ నిర్వహణ కోసం కేటాయించిన ప్రత్యేక వీల్యాన్‌లో ఉంచి, ఆ వీల్యాన్‌లోకి వాడుకరుల వైపు నుంచి ఎవరూ రాకుండా మూసేయాలి. కంట్రోలర్ లాగిన్ పేజీని ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచడం ఎంతమాత్రం తగదు. దూరం నుంచి చూడాలంటే వీపీఎన్ వాడాలి, క్లౌడ్ ఖాతా అయితే రెండంచెల ధ్రువీకరణ పెట్టాలి. ఒక్క పాస్‌వర్డ్ చేతికి చిక్కితే భవనంలోని ప్రతి పాయింటూ వేరేవారి మాట వింటుంది.

కేంద్రీకృత నిర్వహణ తెచ్చే ఒక ప్రలోభం గురించి కూడా చెప్పాలి. కొత్త నెట్‌వర్క్ పేరు చేర్చడం ఒక్క క్లిక్కు పని కావడంతో విభాగానికొకటి చేర్చుకుంటూ పోతారు. ప్రతి పేరుకూ ప్రతి పాయింటూ సాధారణంగా సెకనుకు దాదాపు పదిసార్లు బీకన్ (తాను ఉన్నానని చాటే చిన్న సంకేతం) పంపుతుంది, అదీ తక్కువ వేగంతో. పేర్లు పెరిగేకొద్దీ గాలిలోని సమయం వాటికే ఖర్చవుతుంది. మూడు, మహా అయితే నాలుగు పేర్లతో సరిపెట్టుకోండి. విభాగాలను వేరు చేయాలంటే 802.1ఎక్స్ (ఒక్కొక్కరికీ విడి లాగిన్ అడిగే పద్ధతి), రేడియస్ సర్వర్ పెట్టి, ఒకే పేరుతో కలిసినవారిని లాగిన్ బట్టి వేర్వేరు వీల్యాన్‌లలోకి పంపవచ్చు.

ఎవరికి ఏది

ఒకే భవనం, ముప్ఫై లోపు పాయింట్లు, కంప్యూటర్ల మనిషి వారానికోసారి మాత్రమే వచ్చే సంస్థ అయితే పాయింట్‌లోనే కంట్రోలర్ ఉన్న పద్ధతికి నా ఓటు. అతిథి పోర్టల్, చరిత్ర, గ్రాఫులు కావాలంటే సాఫ్ట్‌వేర్ కంట్రోలర్. అందులోనూ సొంత సర్వర్‌ను చూసుకునే మనిషి లేకపోతే చిన్న పెట్టె రూపంలో దొరికేది తీసుకోండి. అదే కంపెనీ స్విచ్‌లు కూడా కొంటే ఒక సౌకర్యం ఉంది: మొండికేసిన పాయింట్‌కు అందే విద్యుత్తును స్విచ్ పోర్టు నుంచే ఆపి మళ్లీ ఇవ్వవచ్చు, నిచ్చెన అక్కర్లేదు.

చెదురుమదురు శాఖలకు క్లౌడ్, లైసెన్సు డబ్బు ఏటా ఖాయంగా దొరుకుతుందన్న భరోసా ఉంటేనే. భరోసా లేకపోతే ప్రధాన కార్యాలయంలో సాఫ్ట్‌వేర్ కంట్రోలర్ పెట్టి వీపీఎన్ ద్వారా శాఖలను కలపండి. కొంచెం శ్రమ ఎక్కువే, కానీ ఏ చందా గడువూ మీ నెట్‌వర్క్‌ను ఆపలేదు. వందల పాయింట్లు, ఒకే ప్రాంగణం, ఐపీ మారకుండా తిరిగే వాడుకరులు, నెట్‌వర్క్ సిబ్బంది ఉన్నచోట జంట కంట్రోలర్ పెట్టెలు. ఈ చివరి వర్గంలోకి రానివారు కంట్రోలర్ పెట్టె కొంటుంటే రెండుసార్లు ఆలోచించమంటాను.

డబ్బు కట్టేముందు రెండు పాయింట్లు, కంట్రోలర్ ప్రయోగానికి అడిగి తెచ్చుకోండి. మంచి అమ్మకందారులు ఇస్తారు. అన్నీ కలిపాక కంట్రోలర్ కేబుల్ పీకేయండి, క్లౌడ్ అయితే ఇంటర్నెట్ లింకు తీసేయండి. అప్పటికే కలిసి ఉన్న ఫోను పనిచేస్తోందా? కొత్త ఫోను కలుస్తుందా? ఒక పాయింట్ నుంచి మరోదానికి నడిస్తే కాల్ తెగుతోందా? అతిథి పేజీ తెరుచుకుంటోందా? ఒక పాయింట్‌ను ఆపి మళ్లీ వెలిగిస్తే కంట్రోలర్ లేకుండానే ప్రసారం మొదలుపెడుతుందా? ఈ చివరి పరీక్షను చాలామంది వదిలేస్తారు, కానీ విద్యుత్ పోయి వచ్చిన ఉదయం జరిగేది అదే. తర్వాత బ్యాకప్ ఫైలు తీసుకుని, ఖాళీ యంత్రం మీద కంట్రోలర్‌ను కొత్తగా ఎక్కించి, పాయింట్లు రీసెట్ చేయకుండా తిరిగి వస్తున్నాయో లేదో చూడండి. పట్టిన సమయాన్ని రాసిపెట్టుకోండి. రెండు మూడు వ్యవస్థలకు ఇదే పరీక్ష చేసి ఆ కాగితాలను పక్కపక్కన పెట్టి చూశాకే కొనుగోలు ఆర్డరు మీద సంతకం చేయండి.